నలభై పాయింట్ల తేడాతో గెలిచిన మ్యాచ్: ఎవరికి ఎన్ని మార్కులు వేయాలి?

రెండు పాయింట్లతో ఓడిన బాస్కెట్‌బాల్ మ్యాచ్ తర్వాత ఆటగాళ్ళకి మార్కులు వేయడం సులువే. ఎవరు ఎక్కడ తప్పు చేశారో అందరికీ గుర్తుంటుంది, వాళ్ళకీ తెలుసు. అదే నలభై పాయింట్లతో గెలిచామంటే స్కోరు అన్నిటినీ కప్పేస్తుంది. డిఫెన్స్‌లో నిద్రపోయినవాడికీ చప్పట్లే, అడ్డదిడ్డంగా షాట్లు వేసినవాడికీ చప్పట్లే. బస్సెక్కేసరికి అందరూ హీరోలే. ఆ రోజు ఉదారంగా అందరికీ తొమ్మిదులు పంచిపెడితే, వచ్చే వారం గట్టి జట్టు ఎదురైనప్పుడు ఎవర్ని దింపాలో కోచ్‌కే తెలియదు.

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో జట్లు నడిపేవాళ్ళకి ఇలాంటి మ్యాచ్‌లు కొత్త కావు. బరంపురంలో ఏళ్ళ తరబడి రోజూ సాయంత్రం ప్రాక్టీసు చేసే క్లబ్బు ఒక పక్క, మొన్ననే బోర్డు బిగించుకుని పట్టుమని పదిమందిని పోగేసిన స్కూలు జట్టు ఇంకో పక్క. స్పోర్ట్స్ హాస్టల్ కుర్రాళ్ళు దిగితే ఇక చెప్పక్కర్లేదు. ఆంధ్ర సరిహద్దు దాటి ఇచ్ఛాపురం, పలాస నుంచి వచ్చే జట్లతో ఆడినా, మనం పర్లాకిమిడి, గుణుపురం వెళ్ళి ఆడినా మొదటి రౌండ్లలో సగం మ్యాచ్‌లు ఏకపక్షమే. అంటే మన ఆటగాళ్ళని అంచనా కట్టడానికి దొరికే మ్యాచ్‌ల్లో సగం ఇవే. వీటిని పక్కన పడేయలేం, ఉన్నదున్నట్టు నమ్మనూ లేం.

కింద చెప్పేది ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నిబంధనలతో, 10 నిమిషాల చొప్పున 4 క్వార్టర్లు ఆడే మ్యాచ్ కోసం. ఒక ఉదాహరణ తీసుకుని నడుద్దాం. మన జట్టు 81–38తో గెలిచిందనుకోండి. క్వార్టర్ల వారీగా 24–8, 22–9, 19–10, 16–11.

1. ముందు కాగితాలు చేతికి తెచ్చుకోండి

మ్యాచ్ అయిన వెంటనే స్కోర్‌షీట్‌ని ఫోన్లో ఫొటో తీసుకోండి. రూలు ప్రకారం రాసిన షీటయితే 1, 3 క్వార్టర్లు ఎర్ర సిరాతోనూ, 2, 4 క్వార్టర్లు నీలం లేదా నలుపు సిరాతోనూ ఉంటాయి. బాస్కెట్ పడితే స్కోరు అంకె మీద ఏటవాలు గీత, ఫ్రీ త్రో (ఫౌల్‌కి దొరికే ఉచిత షాటు) అయితే నిండు చుక్క, త్రీ పాయింటర్ (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాటు) అయితే ఆటగాడి నంబరు చుట్టూ సున్నా. కాబట్టి ఎవరి పాయింట్లు ఎప్పుడు వచ్చాయో షీటు మీద వేలు పెట్టి చెప్పొచ్చు. నలుపు తెలుపు జిరాక్స్ తీస్తే ఈ సదుపాయం పోతుంది, అందుకే ఫొటోయే మేలు.

అయితే ఆ షీటులో రీబౌండ్లు (షాటు తప్పాక బంతి పట్టుకోవడం), అసిస్ట్‌లు (బాస్కెట్‌కి దారితీసిన పాస్‌లు), టర్నోవర్లు (షాటు వేయకుండానే బంతి పోగొట్టుకోవడం), తప్పిన షాట్లు ఉండవు. ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారన్నది కూడా ఉండదు. దానికి బెంచ్ మీద ఒకరు నోటుబుక్కు పట్టుకు కూర్చోవాలి. గాయపడి ఆడలేకపోతున్న కుర్రాడికి ఈ పని అప్పగించండి. వాడికీ కాలక్షేపం, ఆటని చూసే కన్నూ వస్తుంది. తెలుగులో రాస్తాడో, ఒడియాలో రాస్తాడో వాడిష్టం, గీతలు గీతలే. ఒక్కటి మాత్రం ముందే గట్టిగా చెప్పండి: క్వార్టర్ మారినప్పుడల్లా కొత్త పేజీ. మొత్తం మ్యాచ్‌ని ఒకే పేజీలో కుక్కితే ఆ పుస్తకం తర్వాత ఎందుకూ పనికిరాదు.

2. మ్యాచ్ ఎప్పుడు తేలిపోయిందో గుర్తించండి

అసలు పనంతా ఇక్కడే ఉంది. ప్రతి ఏకపక్ష మ్యాచ్‌లోనూ రెండు మ్యాచ్‌లుంటాయి. ఒకటి, ఫలితం తేలకముందు ఆడింది. రెండోది, తేలిపోయాక టైము గడవడానికి ఆడింది. ఈ రెండింటినీ కలిపి లెక్కేస్తే ఏ అంకెకీ అర్థం ఉండదు.

నేను వాడే కొలత ఇది: మిగిలిన నిమిషాలకి 10 కలపండి. ఆధిక్యం ఆ అంకెని దాటి, మళ్ళీ వెనక్కి రాకపోతే మ్యాచ్ తేలిపోయినట్టే. 20 నిమిషాలు మిగిలుంటే 30 పాయింట్లు దాటాలి, 10 మిగిలుంటే 20, ఐదే ఉంటే 15. ఇదేమీ శాస్త్రం కాదు, మన స్థాయి జట్లకి సరిపోతుంది, అంతే. అమెరికా ప్రొఫెషనల్ లీగు ఎన్‌బీఏ గణాంకాలు చూసేవాళ్ళు ఇంకొంచెం కచ్చితంగా ఉంటారు. వాళ్ళు వాడే ఒక లెక్కలో (అక్కడ క్వార్టర్ 12 నిమిషాలు) నాలుగో క్వార్టర్ మొదటి 3 నిమిషాల్లో 25, తర్వాతి 3 నిమిషాల్లో 20, ఆఖరి 6 నిమిషాల్లో 10 పాయింట్ల తేడా ఉండాలి. పైగా రెండు జట్లవీ కలిపి కోర్టు మీద ఇద్దరికి మించి స్టార్టర్లు, అంటే ఆట మొదలుపెట్టిన అయిదుగురిలోని వాళ్ళు, ఉండకూడదు. ఆ రెండో షరతు మనమూ అరువు తెచ్చుకోదగ్గదే. అవతలి కోచ్ తన మంచి ఆటగాళ్ళని కూర్చోబెట్టాడంటే చేతులెత్తేశాడన్నమాట. కొలత ఏం చెప్పినా ఆ క్షణానికే మ్యాచ్ తేలిపోయినట్టు తీసుకోండి.

మన ఉదాహరణలో సగం ఆటకి స్కోరు 46–17, తేడా 29. కొలత 30 అంటోంది. మూడో క్వార్టర్లో పడ్డ మొదటి బాస్కెట్‌తో 48–17 అయింది, తేలిపోయింది. అంటే మొదటి 20 నిమిషాలు ఒక మ్యాచ్, చివరి 20 నిమిషాలు ఇంకో మ్యాచ్. నోటుబుక్కులో అక్కడ అడ్డంగా ఒక గీత గీయండి.

3. గీతకి పైన ఎంత, కింద ఎంత

ఇప్పుడు 11వ నంబరు సంగతి చూద్దాం. మ్యాచ్‌లో అతనివే ఎక్కువ పాయింట్లు, 22. 17 షాట్లలో 9 పడ్డాయి, అందులో 4 త్రీలు. త్రీకి ఉన్న అదనపు విలువ కలుపుకుని లెక్కిస్తే, అంటే పడిన షాట్లకి త్రీలలో సగం కలిపి మొత్తం షాట్లతో భాగిస్తే, దాదాపు 65 శాతం. ఎవరైనా ఎగిరి గంతేస్తారు.

గీత గీసి చూడండి. మ్యాచ్ తేలకముందు 9 షాట్లకి 3, అందులో 2 త్రీలు, 8 పాయింట్లు, అదే లెక్కన 44 శాతం. తేలాక 8 షాట్లకి 6, మళ్ళీ 2 త్రీలు, 14 పాయింట్లు, 87.5 శాతం. ఆ ఆరింట్లో ఎక్కువ భాగం అవతలివాళ్ళు బంతి పోగొట్టుకున్నాక ఎదురు లేకుండా పరుగెత్తి వేసిన లేఅప్‌లు, అంటే రింగు పక్కనుంచి వేసే సులువైన షాట్లు. డిఫెన్స్ కుదురుకుని నిలబడ్డప్పుడు, అంటే అర కోర్టు ఆటలో, అతను మామూలుగానే ఆడాడు. ఇంకా చెప్పాలంటే మొదటి క్వార్టర్లో పక్కవాడు ఖాళీగా ఉన్నా రెండుసార్లు తానే వేసి తప్పాడు.

అలాగని తేలాక వచ్చిన పాయింట్లన్నిటినీ గాల్లో కలిపేయకూడదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో అమెరికా నైజీరియాని 156–73తో ఓడించింది. కార్మెలో ఆంథొనీ 14 నిమిషాల్లో 37 పాయింట్లు చేశాడు, 12 త్రీలలో 10 వేశాడు. ఎదుటి జట్టు ఎంత డీలా పడినా బంతి తనంతట తాను రింగులోకి వెళ్ళదు. దూరపు షాటు, ఫ్రీ త్రో లాంటివి ఎప్పుడు పడినా వేసినవాడి చేతి చలవే. ఎదుటి డిఫెన్స్ మీద ఎక్కువగా ఆధారపడే లేఅప్‌లు, ఫాస్ట్ బ్రేక్ (అవతలివాళ్ళు కుదురుకోకముందే పరుగెత్తి వేసే) బాస్కెట్లనే తేలాక తక్కువ చేసి చూడాలి.

ఇంకో ప్రశ్న కూడా ఇక్కడే వేసుకోండి: ఆ పాయింట్లు ఎవరు పుట్టించారు? మన 81లో పెద్ద వాటా అవతలివాళ్ళ టర్నోవర్ల నుంచి వచ్చినట్టు తేలితే, లేఅప్ వేసినవాడి కన్నా బంతి లాక్కున్నవాడికి, అడ్డుపడి పాస్‌ని దారి తప్పించినవాడికి ఎక్కువ దక్కాలి. 7వ నంబరు గార్డ్ మొత్తం మీద చేసింది 6 పాయింట్లే. కానీ గీతకి పైన 14 నిమిషాల్లో 7 అసిస్ట్‌లు, 2 స్టీల్స్ (లాక్కున్న బంతులు), ఒక్కటే టర్నోవర్. మ్యాచ్‌ని తేల్చినవాడు అతను.

రెడీమేడ్ ఫార్ములాలు కావాలనుకుంటే ఎన్‌బీఏ గణాంకాల విశ్లేషకుడు జాన్ హోలింజర్ తయారు చేసిన గేమ్ స్కోర్ ఉంది. పాయింట్లకి తోడు స్టీల్‌కి 1, అసిస్ట్‌కి 0.7, డిఫెన్సివ్ రీబౌండ్‌కి (అవతలివాళ్ళ షాటు తప్పాక పట్టింది) 0.3, ఆఫెన్సివ్ రీబౌండ్‌కి (మనవాళ్ళ షాటు తప్పాక పట్టింది) 0.7 కలిపి, వేసిన ప్రతి షాటుకీ, టర్నోవర్లకీ, ఫౌళ్ళకీ కోత పెడుతుంది. మంచిదే. కానీ ఎదురుగా ఉన్నది ఎవరో, అప్పటి స్కోరెంతో దానికి తెలియదు. అందుకని వాడితే గీతకి పైనున్న అంకెలకే వాడండి.

4. పుస్తకంలో లేనివి వీడియోలో చూడండి

ఎవరో ఒకరి తమ్ముడు మెట్ల మీంచి ఫోన్లో తీసిన వీడియో చాలు. స్టార్టర్ల కోసం మొదటి రెండు క్వార్టర్లే చూడండి, మొత్తం చూస్తూ కూర్చుంటే తెల్లవారిపోతుంది. మూడు విషయాలు వెతకాలి.

మొదటిది బాక్స్ అవుట్, అంటే రీబౌండ్‌కి రాకుండా అవతలివాడిని వీపుతో ఆపడం. 14వ నంబరు పొడగరి, 12 రీబౌండ్లు. అవతలి జట్టులో అతని భుజం దాటినవాడు లేడు. అలాంటప్పుడు బంతి దానంతటదే చేతిలో పడుతుంది. రీబౌండ్లు లెక్కపెట్టడం మానేసి, అవతలివాళ్ళు షాటు వేసిన ప్రతిసారీ వీడియో ఆపి చూడండి. బంతి గాల్లో ఉండగా మనవాడు ఎవరినైనా వీపుతో ఆపాడా, లేక బంతి వంక చూస్తూ నిలబడ్డాడా? మొదటి సగంలో అలాంటి సందర్భాలు 11 వస్తే ఐదింట్లోనే ఆపాడు. మిగతా ఆరుసార్లు పొడుగు కాపాడింది. కటక్ నుంచో భువనేశ్వర్ నుంచో తనంత పొడగరి ఉన్న జట్టు వస్తే ఆ ఆరూ పోతాయి.

రెండోది, షాటు తప్పాకో బంతి పోయాకో వెనక్కి పరుగు. ఆధిక్యం 20 దాటాక ఎవరు నడుస్తున్నారో చూడండి. ముందు చేతులు నడుం మీదికి వెళ్తాయి, తర్వాత పరుగు నడకవుతుంది. ఎండాకాలం, సిమెంటు కోర్టు, సాయంత్రం నాలుగున్నర, అలసట ఉంటుంది, కాదనను. కానీ అదే ఆటగాడు మన చేతికి బంతి రాగానే లేఅప్ కోసం చిరుతలా ముందుకురికితే, అది అలసట కాదు.

మూడోది, అవతలి జట్టులో ఉన్న ఒక్క మంచి ఆటగాడిని ఎవరు కాశారు. ఎంత బలహీనమైన జట్టులోనైనా ఒకడుంటాడు. మన 5వ నంబరు చేసింది 4 పాయింట్లు, ప్రేక్షకుల్లో ఒక్కరికీ పేరు తెలియదు. కానీ ఆ ఒక్కడిని 13 నిమిషాలు కాశాడు, ఆ 13 నిమిషాల్లో అతనికి దొరికింది రెండే పాయింట్లు. ఎడమచేతి వైపే వెళ్ళేలా దారి కాసి, స్క్రీన్ (దారికి అడ్డంగా నిలబడే అవతలి ఆటగాడు) వచ్చినప్పుడు దాని మీదుగా దూరి, ఫౌల్ చేయకుండా చేతులు పైకెత్తి నిలబడ్డాడు. ఆ రోజు మ్యాచ్‌లో ఇంతకన్నా మంచి ఆట నాకు కనపడలేదు.

5. ప్లస్ మైనస్‌ని సవరించి వాడండి

ఆటగాడు కోర్టు మీదున్నంతసేపూ మన జట్టు ఎన్ని పాయింట్లు ఎక్కువ చేసిందో చెప్పేదే ప్లస్ మైనస్. 43 తేడాతో గెలిచిన రోజు అందరిదీ ప్లస్సే, అందుకే అందరికీ సంతోషమే. జట్టు సగటుతో పోల్చండి. 40 నిమిషాలకి 43 అంటే నిమిషానికి ఒకటి పైచిలుకు. 20 నిమిషాలు ఆడినవాడికి సగటున 21.5 రావాలి. అతని లెక్క ప్లస్ 15 అయితే, అతను కోర్టు మీదున్నప్పుడు జట్టు మామూలు కన్నా నెమ్మదించిందన్నమాట. ఒక్క మ్యాచ్‌తో ఎవరికీ శిక్ష వేయకండి, ఆ అంకె పక్కవాళ్ళ మీద కూడా ఆధారపడుతుంది. ఒక ప్రశ్నార్థకం పెట్టి వదిలేయండి.

6. బెంచ్ వాళ్ళకి వేరే కొలబద్ద

చివరి క్వార్టర్ 16–11. "రెండో జట్టు దిగ్గానే ఆట పడిపోయింది" అనేస్తారు చూసేవాళ్ళు. పడిపోదా మరి? వాళ్ళు ఎప్పుడోగానీ ఆడరు, అయిదుగురూ ఒకేసారి దిగుతారు, సెట్లు, అంటే ముందే అనుకున్న ఎత్తుగడలు, వాళ్ళు కలిసి ప్రాక్టీసు చేసింది తక్కువ. అవతలి జట్టేమో ఒత్తిడి లేకుండా, పోయేదేముందన్నట్టు ఆడుతుంది. స్టార్టర్‌కి గీతకి పైన ఏం చేశాడన్నది ముఖ్యమైతే, వీళ్ళకి గీతకి కిందే మ్యాచ్.

వీళ్ళ దగ్గర చూడాల్సింది స్కోరు కాదు. పిలిచిన సెట్ ఆడారా, ఎవరి స్థానంలో వాళ్ళు నిలబడ్డారా, డిఫెన్స్‌లో మాట్లాడుకున్నారా అన్నవి. 18వ నంబరు కుర్రాడు చివరి 13 నిమిషాల్లో 4 టర్నోవర్లు చేశాడు. పుస్తకం చూస్తే ఘోరం. వీడియోలో రెండు టర్నోవర్లు సరైన పాస్‌లే, అందుకోవాల్సినవాడు కట్ చేయడం (రింగు వైపు దూసుకెళ్ళడం) మర్చిపోయాడు. ఒకటి కాలు జారి. ఒక్కటి మాత్రం నలుగురి మధ్య దూరబోయి పోగొట్టుకున్నది. నిర్ణయం మంచిదై ఫలితం చెడిన టర్నోవర్‌కి కోత వేయకూడదు. నిర్ణయమే చెడ్డదైతే, బంతి పోకపోయినా కోత వేయాల్సిందే.

7. అంకెల కక్కుర్తి

తేలిపోయిన మ్యాచ్‌లో కొందరికి సొంత లెక్కల మీదికి మనసు పోతుంది. దీనికి బాస్కెట్‌బాల్‌లో పేరుమోసిన ఉదాహరణ 2003 మార్చి 16 నాటిది. ఎన్‌బీఏలో క్లీవ్‌లాండ్ జట్టు యూటా మీద 120–95తో ముందుంది, కొన్ని సెకన్లే మిగిలాయి. క్లీవ్‌లాండ్ ఆటగాడు రికీ డేవిస్‌కి ట్రిపుల్ డబుల్‌కి (మూడు లెక్కల్లో కనీసం పదేసి) ఒక్క రీబౌండ్ తక్కువ. దానికోసం సొంత రింగు మీదికే షాటు వేసి, తప్పించి, తానే పట్టుకున్నాడు. యూటా ఆటగాడు వెంటనే గట్టిగా ఫౌల్ చేశాడు. ఆ రీబౌండ్ లెక్కలోకి రాలేదు, నవ్వులపాలయ్యాడు.

మన దగ్గర అంత దూరం పోరు గానీ చిన్నచిన్నవి చాలా ఉంటాయి. 35 పాయింట్లు ముందుండి ఫుల్ కోర్టు ప్రెస్ (కోర్టంతా వెంటపడి ఒత్తిడి పెట్టే డిఫెన్స్), బెంచ్ నుంచి వచ్చినవాడికి బంతివ్వకుండా తానే వేయడం, చిన్నపిల్లల జట్టు ముందు వెక్కిరింపు సంబరాలు. వీటికి ఒక మార్కు కోత, ఎవరైనా సరే. కోచ్ ప్రెస్ ఆపమనకపోతే మాత్రం ఆ కోత ఆటగాడిది కాదు, కోచ్‌ది.

8. మార్కు వేసే పద్ధతి

పదికి వేయండి. ఆరు అంటే తన పని తాను చేశాడని. ఎనిమిది దాటాలంటే మ్యాచ్‌ని తేల్చడంలో చేయి ఉండాలి. స్టార్టర్లకి గీతకి పైన 70 శాతం, కింద 30 శాతం. బెంచ్ వాళ్ళకి తిరగేయండి. తేలాక అసలు దిగనివాడికి పైమార్కే పూర్తి మార్కు.

11వ నంబరుకి పైన 5, కింద 8. 3.5కి 2.4 కలిపితే 5.9, అంటే ఆరు. 7వ నంబరుకి పైన 8.5, కింద 7, మొత్తం ఎనిమిది. తేలాక కూర్చున్న 5వ నంబరుకి తొమ్మిది. 14వ నంబరుకి పైన 5.5, కింద 6, ఐదున్నర దగ్గర ఆగుతుంది. 18వ నంబరు మొదటి సగంలో దిగలేదు కాబట్టి గీతకి కింద ఆటకే ఏడు. జట్టంతటి సగటు 7.5 దాటిందంటే మీరు స్కోరు చూసి వేశారని అనుమానించి, మళ్ళీ మొదలుపెట్టండి. ఎదుటి జట్టు స్థాయి ఏమిటో పక్కనే ఒక ముక్క రాయండి, లేకపోతే మూడు నెలల తర్వాత ఆ తొమ్మిదికి అర్థం తెలియదు.

మ్యాచ్ రాత్రే వేయకండి. మర్నాడు పొద్దున్న టిఫినయ్యాక వేస్తే చేయి కాస్త బిగుస్తుంది.

9. చెప్పడం

జాబితా గోడకి అంటించొద్దు, వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, ఒక మంచి క్లిప్పు, ఒక చెడ్డ క్లిప్పు చూపించి, అప్పుడు మార్కు చెప్పండి. ఇంట్లో తెలుగు మాట్లాడే కుర్రాడికి తెలుగులో, ఒడియా కుర్రాడికి ఒడియాలో చెప్పండి. కోర్టు మీద ఏ భాషైనా నడుస్తుంది గానీ, తన తప్పు వినడానికి మనిషికి సొంత భాష కావాలి. ఎక్కువ పాయింట్లు చేసినవాడిని ముందు పిలవండి, బయట మాటలు పుట్టకముందే.

తండ్రులు వస్తారు, ఖాయంగా వస్తారు.

"సారూ, మా గుంటడు ఇరవై రెండు కొట్టాడు గదండీ. ఆరేటండి?"

"కూర్చోండి. ముందు ఈ తొమ్మిది షాట్లు చూడండి. తర్వాత మాట్లాడుకుందాం."

వాదించకండి, ఫోను చేతికివ్వండి. మొదటి క్వార్టర్లో పక్కవాడు ఖాళీగా చేయెత్తి నిలబడ్డ దృశ్యం రెండోసారి వచ్చేసరికి చాలామంది తండ్రులు మౌనంగా ఫోను తిరిగిచ్చేస్తారు. కొందరు ఇవ్వరు, వాళ్ళకి టీ ఇచ్చి పంపండి.

మార్కులతో పాటు ప్రతివాడికీ ఆ వారం పని ఒకటి ఇవ్వాలి. 11కి డిఫెండర్ ఎదురుగా ఉండగా వేసే షాట్లు రోజుకి యాభై, ఖాళీగా ఉన్నవాడికి పాస్ చేస్తేనే షాటుకి అనుమతి ఉండే ముగ్గురు ముగ్గురి ఆట. 14కి బంతి ముట్టుకోకుండా ఉత్త బాక్స్ అవుట్ పది నిమిషాలు. 18కి స్టార్టర్లతో కలిపి సెట్లు. 5కి ఏమీ వద్దు, వచ్చే మ్యాచ్‌లో అవతలి మంచి ఆటగాడు ఎవరో ముందే కనుక్కుని అతని వీడియో ఇవ్వండి చాలు.